క్రైస్తవ వేదమున శరణు పర్వతములు



ఒంటిమిట్ట మన కడప సీమలో నెరుగనివారు లేని యూరు. కడపనుండి రాజంపేటకు బోవు దారిలో, సుమారు 25 కిలోమీటర్ల దూరమున, కోదండరామస్వామివారి గోపురము దూరమునుండియే కనబడును. మిట్ట యనగా నేమి? చుట్టునున్న నేలకంటె కొంత యెత్తైన తావు. అది కొండ కాదు. గుట్ట యనుటకును చాలదు. అయినను మన పూర్వులు ఊళ్లకు పేరిడునపుడు మిట్ట యనియు, దిన్నె యనియు, గడ్డ యనియు, కొండ యనియు నేల యెత్తును మరువక చెప్పిరి. ఏడాదిలో పెక్కునెలలు నీటికై మొగము వాచి యుండు సీమయే యైనను, వాన వచ్చిననాడు వంక పొంగును, చెరువు తెగును. ఆనాడు ఎత్తు తెలిసినవాడే బ్రతుకును. 2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీన చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, రాజంపేట ప్రాంతమున పులపత్తూరు, మందపల్లి మొదలగు నూళ్లను వరద ముంచెత్తినపుడు, ఎత్తైన తావునకు విలువ యెంతటిదో ఆ యూళ్లవారు కన్నులార చూచిరి.

ఎత్తు ఆపదలో దిక్కగునన్న యీ తెలివి ఒక్క మన సీమదే కాదు. క్రైస్తవులు వేదముగా నెంచు బైబిలు గ్రంథమున, మొదటిదగు ఆదికాండము మొదలు కడపటిదగు ప్రకటన గ్రంథమువరకు ఈ మాట మరల మరల వినబడుచుండును. ఆ కొండల కథలను, వాని వెనుక నున్న న్యాయమును, ఆ న్యాయమున గ్రామ పెద్దల కొసగబడిన పాలును నేడు మనవి చేసెదను. ఆ మతమునకు చెందనివారికిని ఇది వినదగిన విషయమే. ఏలయన, ఇది కడపటికి కొండను గూర్చిన ప్రశ్న కాదు. ప్రాణభయముతో పరుగెత్తి వచ్చినవానికి తలుపు తీయువా రెవరన్న ప్రశ్న.

మొదట ఆ దేశపు రూపము కొంత తెలియవలెను. పడమట మధ్యధరా సముద్రము, దాని వెంబడి సన్నని మైదానము. తూర్పున యోర్దాను నదీలోయ. ఆ నది వచ్చి పడు మృతసముద్రపు టొడ్డు సముద్రమట్టమునకు 430 మీటర్ల దిగువ నున్నది. భూమిపై నంతకంటె పల్లమైన పొడినేల వేరొకటి లేదు. ఈ రెంటి నడుమ ఉత్తర దక్షిణములుగా నొక కొండల వరుస వెన్నెముకవలె సాగును. ఆ వరుసపై నున్న హెబ్రోను పట్టణము 900 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. ఆ కొండలు చాలవరకు సున్నపురాతి కొండలు. సున్నపురాతిని వాననీరు వేలకొలది యేండ్లు కరగించి లోపల గుహలను తొలుచును. కొలిమిగుండ్ల దగ్గరనున్న మన బెలుము గుహలు, మూడు కిలోమీటర్లకు పైగా నేలలోపల సాగునవి, ఈ విధముగా నేర్పడినవే. కావున యూదయ కొండలలో మనుష్యులు దాగుటకు చోటు వెదకికొన బనిలేదు. ప్రకృతియే గదులు కట్టి యుంచినది.

మరియొక కారణము కలదు. ఆ కాలమున యుద్ధబలము రథములలో నుండెను. రథము చదునైన నేలపై మెరుపువలె పోవును గాని, రాళ్లు దొర్లు ఎగుడుదారిని పోజాలదు. యూదా గోత్రమువారు కొండసీమను గెలిచియు, పల్లపువారికి ఇనుప రథము లున్నందున వారిని వెడలగొట్టలేకపోయిరని న్యాయాధిపతుల గ్రంథము తెలుపుచున్నది. బలవంతునకు మైదానము, బలహీనునకు కొండ యన్నది ఆ నేల తానే యేర్పరచిన కట్టుబాటు.

ఇక కథలకు వత్తము. జలప్రళయము తగ్గినపుడు నోవహు నావ అరారాతు కొండలపై నిలిచినదని ఆదికాండము చెప్పుచున్నది. అదే గ్రంథమున లోతు కథ యున్నది. సొదొమ పట్టణము నాశనము కాబోవుచున్నదని, వెనుదిరిగి చూడక కొండకు పారిపొమ్మని దేవదూతలు లోతునకు చెప్పిరి. అతడు భయపడెను. కొండవరకు పోజాలననియు, దగ్గరనున్న సోయరను చిన్న యూరికి పోనిమ్మనియు వేడుకొనెను. వారట్లే సెలవిచ్చిరి. కాని పిమ్మట సోయరులో నుండుటకును వెరచి, ఇరువురు కుమార్తెలతో కొండ యెక్కి గుహలో నివసించెను. ఆపదలో మన కాళ్లు క్షేమమైన తావునకంటె తెలిసిన తావునకే ముందుగా పోవుననుటకు ఇది తార్కాణము.

యెరికో పట్టణమున రాహాబను స్త్రీ తన యింట దాగిన వేగులవారిని కాపాడెను. తరుముకొని వచ్చినవారు యోర్దాను రేవుల వైపు పోవుట చూచి, మీరు కొండకు పోయి మూడు దినములు దాగియుండుడని ఆమె వారికి దారి చెప్పెను. వెదకువారి చూపు నదివైపున నున్నపుడు కొండవైపున కాపు లేదని గ్రహించినది ఆ సామాన్య స్త్రీ. గిద్యోను కాలమున మిద్యానీయులు ఏడేండ్లపాటు, పంట చేతికి వచ్చు వేళకు ఒంటెలతో మిడుతల దండువలె దిగి, గింజయు గొడ్డును మిగుల్చక పోవుచుండిరి. అప్పుడు ఇశ్రాయేలీయులు కొండలలో వాగులను, గుహలను, దుర్గములను తమకు వాసములుగా చేసికొనిరి.

దావీదు కథ మరింత విపులమైనది. మామగారైన సౌలు రాజు తన్ను చంపజూచుటచే దావీదు అదుల్లాము గుహకు పారిపోయెను. అతని యొద్దకు ఇబ్బందిలో నున్నవారును, అప్పులపాలైనవారును, మనసు విరిగినవారును సుమారు 400 మంది వచ్చి చేరిరి. చూడుడు, ఆ గుహ శరణిచ్చినది రాజవంశమునకు కాదు; అప్పులవానికిని, దిక్కులేనివానికిని. తరువాత ఏన్గెదీ ప్రాంతపు గుహలలో దావీదు దాగియుండగా, 3,000 మందితో వెదకవచ్చిన సౌలు ఎరుగక ఆ గుహలోనికే యొంటిగా వచ్చెను. పగవాడు చేజిక్కెను. చంపుమని తోడివారు పురికొల్పిరి. దావీదు అతని వస్త్రపు చెంగు మాత్రము కోసి, అంతమాత్రమునకే మనసున నొచ్చుకొనెను. శరణు దొరికిన తావును పొంచియుండు తావుగా మార్చకుండుట అతని గొప్పతనము.

అహాబు రాజు భార్య యెజెబెలు ప్రవక్తలను చంపించుచుండగా, రాజుగారి యింటి యధికారియైన ఓబద్యా నూరుగురు ప్రవక్తలను ఏబదేసి మందిగా గుహలలో దాచి, అన్నపానము లిచ్చి పోషించెను. అదే రాణికి వెరచి ఏలీయా ప్రవక్త నలువది పగళ్లు నలువది రాత్రులు నడచి హోరేబు కొండ గుహను చేరెను. అచ్చట పెనుగాలి వీచెను, భూమి కంపించెను, అగ్ని కనబడెను. వానిలో దేవుడు లేడు. పిమ్మట మెల్లని స్వరము వినబడి, ఇచ్చట నీ కేమి పని యని యడిగి, చేయవలసిన కార్యములు చెప్పి, వచ్చిన దారినే తిరిగి పంపెను. కావున ఆ గ్రంథమున కొండ యొక విశ్రాంతి తావేగాని, బాధ్యతనుండి శాశ్వతముగా తప్పించుకొను చోటు కాదు.

ఇంతవరకు చెప్పినవి ఒక్కొక్కరి కథలు. ఇప్పుడు చెప్పబోవునది చట్టము. పగకు పగ ఆ దేశమున పూర్వాచారము. ఒకడు చంపబడిన యెడల, చంపినవానిని చంపుట చచ్చినవాని దగ్గరి బంధువునకు విధియై యుండెను. ఈ యాచారమును ఒక్క పెట్టున మాన్పుట సాధ్యము కాదు. అందువలన మోషే ధర్మశాస్త్రము దానికి నడుమ నొక గోడ కట్టెను. ఆ గోడయే ఆశ్రయపురములు. అవి యారు. యోర్దానునకు పడమట మూడు: నఫ్తాలి కొండసీమలో కెదెషు, ఎఫ్రాయిము కొండసీమలో షెకెము, యూదా కొండసీమలో హెబ్రోను. తూర్పున మూడు: ఎత్తైన పీఠభూమిపై బేసెరు, గిలాదులో రామోతు, బాషానులో గోలాను. పడమటి మూడును కొండసీమలోనివే యని యెహోషువ గ్రంథము స్పష్టముగా పేర్కొనుచున్నది. ఉత్తరమున నొకటి, నడుమ నొకటి, దక్షిణమున నొకటి యుండుటచే, ఏ మూలనున్నవాడైనను వాటిలో నొకదానిని చేరవచ్చును.

ఎవరికి శరణు? ద్వితీయోపదేశకాండము చెప్పు దృష్టాంతము మన పల్లెలో జరుగగలది. ఇరువురు కట్టెలకై అడవికి పోయిరి. ఒకడు గొడ్డలి యెత్తి కొట్టుచుండగా, ఇనుము పిడినుండి ఊడి రెండవవానికి తగిలి వాడు చచ్చెను. వారి నడుమ పూర్వము పగ లేదు. ఇట్టివాడు ఆశ్రయపురమునకు పరుగెత్తవలెను. కాని పొంచియుండి, పగతో, ఇనుప పనిముట్టుతోనో రాతితోనో కర్రతోనో చంపినవానికి ఆ పురమున చోటు లేదు. అట్టివాడు అచ్చట దాగినను, అతని సొంత యూరి పెద్దలే మనుష్యులను పంపి రప్పించి యప్పగింపవలెను. బలిపీఠమును పట్టుకొన్నను విడువరాదని నిర్గమకాండము.

ఇప్పుడు, పెద్దలారా, ఆ పరుగెత్తి వచ్చినవాని నెవరు లోనికి తీసికొందురో చూడుడు. వాడు పురద్వారమున నిలిచి, తన సంగతిని ఆ పురపు పెద్దల చెవిని వేయవలెను. వారు విని, లోనికి చేర్చుకొని, నివాసమునకు తా వీయవలెను. తరువాత సమాజము ముందర విచారణ జరుగవలెను. ఒక్క సాక్షి మాటపై ఎవనిని చంపరాదు. నేరము కాదని తేలినవాడు ప్రధానయాజకుడు మరణించువరకు ఆ పురముననే యుండవలెను. పొలిమేర దాటిన, తరుమువాడు చంపినను దోషము లేదు. బుద్ధిపూర్వకముగా చంపినవాని ప్రాణమునకు బదులు ధనము పుచ్చుకొనరాదు. శరణాగతుడు గడువునకు ముందే ఇంటికి పోవుటకును ధనము పుచ్చుకొనరాదు. ఈ న్యాయము స్వదేశీయునకును, పరదేశీయునకును ఒక్కటే.

యూదుల పూర్వ ధర్మసంప్రదాయము దీనికి మరికొన్ని వివరములు చేర్చినది. ఆ పురములకు పోవు దారి ముప్పదిరెండు మూరల వెడల్పుండవలెననియు, దారులు చీలు చోట్ల శరణు అని వ్రాసిన గురుతులు నిలుపవలెననియు విధించినది. పరుగెత్తువాడు దారి యడుగుచు నిలువరాదు గదా! మరియొక ముచ్చట. ప్రధానయాజకుడు చచ్చినగాని శరణాగతునకు విడుదల లేదు. కావున వారు తమ కుమారుల చావు కోరకుండుటకై, యాజకుల తల్లులు వారికి అన్నవస్త్రము లిచ్చుచుండిరట. చట్టము వ్రాసినవారికి మనుష్యుని మనసు ఎంత తెలియునో ఇందువలన తెలియును.

ఈ చట్టము చెడినచో నేమగునో చెప్పు కథయు ఆ గ్రంథముననే కలదు. సౌలు సేనాపతి అబ్నేరు యుద్ధమున ఓడి పారిపోవుచుండగా, అశాహేలను యువకుడు వెంటబడెను. మరలిపొమ్మని అబ్నేరు రెండుమారులు చెప్పెను. వినకపోగా ఈటెతో పొడిచెను, అశాహేలు చచ్చెను. అతని యన్న యోవాబు దావీదునకు సేనాపతి. కొంతకాలమునకు అబ్నేరు సంధికై హెబ్రోనునకు వచ్చి, దావీదుతో మాటాడి సమాధానముగా పోయెను. యోవాబు మనుష్యులను పంపి వెనుకకు రప్పించి, రహస్యము మాటాడువానివలె పురద్వారమున ప్రక్కకు తీసికొనిపోయి పొడిచి చంపెను. ఏ హెబ్రోను? శరణు పురమగు హెబ్రోను. ఏ ద్వారము? పెద్దలు కూర్చుండి ప్రాణభీతుని మాట వినవలసిన ద్వారము. దావీదు బట్టలు చింపుకొని, పాడె వెంట నడచి యేడ్చెను గాని యోవాబును ఆనాడు శిక్షింప లేకపోయెను. ఏండ్లు గడచి సొలొమోను రాజ్యమునకు వచ్చిన పిమ్మట, అదే యోవాబు బలిపీఠపు కొమ్ములు పట్టుకొనియుండగా చంపబడెను. ఒక్క ఈటెపోటు మూడు చావులైనది.

ఈ కథ దూరదేశపుదని మన మనుకొన వీలులేదు. రాయలసీమ పల్లెలలో ముఠా కక్షలు ఎన్ని యిండ్లను ఆర్పినవో మీరు నాకంటె బాగుగా నెరుగుదురు. గట్టు దగ్గర మొదలైన తగవు, ఎన్నికలలో పెరిగి, తండ్రినుండి కొడుకునకు ఆస్తివలె సంక్రమించిన యూళ్లు మన సీమలో లేకపోలేదు. అట్టి సమయమున ఊరి పెద్ద చేయదగినదేమి? ఆ ప్రాచీన చట్టమునుండి మూడు మాటలు గ్రహింపవచ్చును. ఒకటి, పరుగెత్తి వచ్చినవానిని అప్పటికప్పుడు గుంపునకు అప్పగింపక, ప్రాణముతో న్యాయస్థానమునకు చేర్చుట. ఇప్పటి కాలమున పురద్వారము న్యాయస్థానమే. రెండు, చేతప్పి జరిగినదానిని, పగతో చేసినదానిని ఒకే త్రాసున తూచకుండుట. బంధువనియు, మన పక్షమువాడనియు హంతకుని దాచకుండుట. మూడు, ప్రాణమునకు ధనము కట్టి రాజీ యనకుండుట. నెత్తుటికి వెల కట్టిన రాజీ పగను చంపదు. దాని కొక గడువు మాత్రము పెట్టును.

మరి కొండ యెల్లప్పుడును కాచునా? కాయదనియే ఆ గ్రంథము గట్టిగా చెప్పుచున్నది. ఎదోమీయులు బండసందులలో ఎత్తున నివసించుచు, తమ్ము క్రిందికి దింపువా డెవడని గర్వించిరి. వారిని దింపుదునని దేవుడు పలికినట్లు ఓబద్యా ప్రవక్త వ్రాసెను. మన పెన్నానది లోయపై గండికోట ఎంత యెత్తున, ఎంత దుర్గమముగా నున్నదో చూచినవా రెరుగుదురు. ఆ కోటయు మీర్ జుమ్లా సేనలకు లోబడెను. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే అతనిని ఆ కోటయందే కలిసికొనెను. ఎత్తు కొంతకాలము కాచును. లోపలివారి నడుమ న్యాయము లేనినాడు ఏ యెత్తును కాయదు.

సిరియా రాజు సేవకులు ఇశ్రాయేలీయుల దేవుడు కొండల దేవుడనియు, మైదానమున పోరాడిన తామే గెలుతుమనియు తలచిరి, మైదానముననే ఓడిరి. కీర్తనల గ్రంథమున నొక భక్తుడు కొండలవైపు కన్నులెత్తి, నాకు సాయ మెచ్చటనుండి వచ్చునని తన్ను తానే ప్రశ్నించుకొని, కొండలనుండి కాదు, భూమ్యాకాశములను చేసినవానినుండియే యని సమాధానము చెప్పుకొనును. కొండలను నమ్ముట వ్యర్థమని యిర్మీయా ప్రవక్తయు పలికెను. పక్షివలె కొండకు పారిపొమ్మని చెప్పినవారికి ఇంకొక కీర్తనలో భక్తుడు, నేను దేవుని శరణు చొచ్చియుండగా అట్లనుట యేల యని మారుపలుకును.

పక్షి మాట వచ్చినది గనుక మన పక్షిని తలచుట న్యాయము. సిద్ధవటము దగ్గరనున్న లంకమల కొండల పాదమున, ముండ్లపొదల నడుమ కలివికోడి యను చిన్న పక్షి యున్నది. 1900 తరువాత దాని జాడ లేక, అంతరించినదనియే శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. 1986 జనవరిలో అది మరల ఇచ్చట కనబడెను. లోకమంతయు లేదనుకొన్న ప్రాణిని మన కొండ తన యొడిలో దాచి యుంచెను. ఎత్తైన కొండలు కొండమేకలకు ఉనికిపట్టనియు, బండలు చిన్న జంతువులకు ఆశ్రయమనియు కీర్తనకారుడు చెప్పుట ఎంత నిజము!

క్రొత్త నిబంధనలో ఏసుక్రీస్తు తరచుగా కొండకు పోవును. కాని ప్రాణము కాపాడుకొనుటకు కాదు, ప్రార్థించుటకు. జనులు తన్ను బలవంతముగా రాజును చేయజూచినపుడు ఆయన ఒంటరిగా కొండకు వెడలెనని యోహాను సువార్త తెలుపుచున్నది. సింహాసనమునుండి పారిపోయిన ఆయన, చంపవచ్చినవారు ఒలీవల కొండ యొద్దకు వచ్చినపుడు పారిపోలేదు. ఇతరులకు మాత్రము, యెరూషలేమునకు ఆపద వచ్చిననాడు యూదయలోనివారు కొండలకు పారిపోవలెననియు, మిద్దెమీద నున్నవాడు ఇంటిలోని వస్తువులకై దిగరాదనియు ముందుగా చెప్పెను. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును ఆ దినములు కష్టమని జాలిపడెను. క్రీస్తుశకము 70లో రోమకులు ఆ పట్టణమును ధ్వంసము చేసిరి. అంతకుముందే అచ్చటి క్రైస్తవులు యోర్దానునకు ఆవల నున్న పెల్లా యను ఊరికి తరలిరని నాలుగవ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియసు వ్రాసినాడు. ఇక ప్రకటన గ్రంథమున రాజులును, ధనికులును గుహలలో దాగి, తమపై పడుమని కొండలనే వేడుకొందురు. బలహీనునకు శరణైన కొండ అన్యాయము చేసినవానికి మరుగు కాజాలదని దాని భావము.

మరల ఒంటిమిట్టకు వత్తము. ఒంటుడు, మిట్టుడు అను ఇరువురు బోయలు ఆ రామాలయమునకై పాటుపడిరని స్థలకథ. కోవెల శిథిలమై యున్నకాలమున వావిలికొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతబట్టి యూరూర యాచించి దానిని బాగుచేయించిరి. అచ్చట ఇమాంబేగు బావి యున్నది. మీ దేవుడు పిలిచిన పలుకునా యని ఇమాంబేగను మహమ్మదీయ అధికారి యడిగి, పిలిచి, లోనినుండి బదులు విని, భక్తుల దప్పిక తీర్ప ఆ బావిని త్రవ్వించెనని పెద్దలు చెప్పుదురు. కీర్తనకారుడు కొండవైపు చూచి యడిగినదియు ఇదియే: పిలిచిన పలుకువా డున్నాడా?

దేవుడు పలుకుట భక్తుల విశ్వాసమునకు సంబంధించినది. కాని భయముతో పరుగెత్తి వచ్చినవాడు ముందుగా పిలుచునది ఊరి పెద్దను. హెబ్రోను కొండపై నుండుటచేతనే శరణుపురము కాలేదు. దాని ద్వారమున వినుటకు పెద్దలు కూర్చుండినంతకాలమే అది శరణుపురము. అబ్నేరు చచ్చిననాడు కొండ అచ్చటనే యున్నది. ద్వారమును అచ్చటనే యున్నది. అతనికిని యోవాబునకును నడుమ వచ్చి నిలిచిన పెద్ద మాత్రము ఒక్కడును లేడు. మన యూరి మిట్టమీద, రచ్చబండపైన, ఆ చోటు ఖాళీగా నుండకుండుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.